ఉదయగిరిలో ఖాళీ గర్భగుడి, భైరవకోనలో ఆరని దీపం

నెల్లూరు మెట్ట దాటి వెలిగొండల అంచుకు చేరితే చూడదగ్గ చోట్లు రెండున్నాయి. ఒకటి ఉదయగిరి దుర్గం, రెండోది భైరవకోన. సీతారామపురం మీదుగా వెళితే మధ్య దూరం సుమారు యాభై కిలోమీటర్లు. ఇప్పుడంటే జిల్లాలు వేరయ్యాయి గానీ, 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేసేదాకా రెండూ నెల్లూరు కిందే ఉండేవి. ఆ ఒంగోలు జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. కొండలూ ఒకటే, వానా ఒకటే, ఎండా ఒకటే.

అయినా ఒక తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భైరవకోన గుహాలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివని ఎక్కువమంది చెబుతారు, ఇంకొంచెం తర్వాతివని అనేవాళ్లూ ఉన్నారు. ఉదయగిరిలో కనిపించే గుళ్లలో చాలావరకు విజయనగర కాలపువి. అంటే భైరవకోన కన్నా ఆరేడు వందల ఏళ్లు చిన్నవి. కానీ పాతదానిలో ఈ రోజుకీ దీపం వెలుగుతోంది, కొత్తదాని గర్భగుడి ఖాళీగా ఉంది. వయసు మీద పడితే గుడి పాడైపోతుందని మామూలుగా అనుకుంటాం. ఈ రెండు చోట్లా లెక్క తిరగబడింది.

కొంత కారణం రాతిలో ఉంది. ఎక్కువ కారణం మాత్రం ఆ గుడికి రోజూ ఎవరు వచ్చేవాళ్లు అన్నదాంట్లో ఉంది.

ముందు ఉదయగిరి సంగతి. కొండ ఎత్తు 3,079 అడుగులు. చుట్టూ నిట్టనిలువు బండలు, పైన చదును నేల, నీటి గుంటలు. కోట కట్టాలనుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పాత జిల్లా గెజిటీర్ల లెక్క ప్రకారం ఇక్కడ మొత్తం పదమూడు కోటలు, ఎనిమిది కొండ మీద, ఐదు కింద. విజయనగరం పుట్టిన కొత్తలోనే ఇది ఆ సామ్రాజ్యంలో ఒక రాజ్యానికి, అంటే రాష్ట్రానికి, కేంద్రం. మొదటి హరిహరరాయల తమ్ముడు కంపరాయలు, ఆయన తర్వాత కొడుకు రెండో సంగముడు ఇక్కడి నుంచే పాలించారు. వేదభాష్యాలు రాసిన సాయణాచార్యుడు వీళ్లకు మంత్రి. 1356 నాటి బిట్రగుంట శాసనం ఈ సంగముడిదే. రైల్వే స్టేషన్‌గా మాత్రమే బిట్రగుంటను ఎరిగినవాళ్లకు ఇది కాస్త ఆశ్చర్యంగానే ఉంటుంది.

తర్వాత దుర్గం ఒడిశా గజపతుల చేతికి వెళ్లింది. 1513లో కృష్ణదేవరాయలు దాన్ని చుట్టుముట్టాడు. ముట్టడి ఏడాదిన్నర సాగిందని పోర్చుగీసు రాతగాడు న్యూనిజ్ రాశాడు. కోటకు వెళ్లడానికి ఒకే దారి ఉండేదట, అది కూడా ఒక్కొక్క మనిషే వెళ్లగలిగేంత ఇరుకు. రాయలు బండలు కొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడని కూడా ఆయనే చెప్పాడు. కొండ కింద నిలబడి పైకి చూస్తే ఈ మాటలో అతిశయోక్తి ఉందని అనిపించదు. 1514లో కోట పడింది. గజపతుల బంధువు తిరుమల రాహుత్తరాయలు పట్టుబడ్డాడు. తిరుగుదారిలో రాయలు తిరుమలలో ఆగి 30,000 బంగారు నాణేలతో శ్రీవారికి కనకాభిషేకం చేయించాడు. ఆ శాసనం తేదీ 1514 జులై 6.

గుళ్ల కథలో అసలు మలుపు ఇక్కడే వచ్చింది. రాయలు ఉదయగిరి నుంచి ఒక బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లాడు. దానికోసం అక్కడ కొత్తగా పెద్ద గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఈ రోజు హంపిలో కృష్ణాలయం అంటున్నది అదే. ఆ గుడి గోపురం మీది సున్నపు బొమ్మల్లో గుర్రాలు, డాళ్లు పట్టిన సైనికులు ఉంటారు. ఆ యుద్ధాన్నే అక్కడ బొమ్మ కట్టారని చెబుతారు. రాయల బంగారు నాణేల మీద కూడా బాలకృష్ణుడు కూర్చుని కనిపిస్తాడు. చివరికి విగ్రహం హంపిలోనూ నిలవలేదు. 1565లో విజయనగరం కూలింది, గుడి పాడుబడింది. విరిగిపోయిన ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

ఉదయగిరి కృష్ణుడికి ఇలా మూడు ఊళ్లు అయ్యాయి. మొదటి ఊళ్లో ఆయన గుడి మిగిలింది, రెండో ఊళ్లోనూ గుడే మిగిలింది, మూడో ఊళ్లో ఆయన మాత్రం ఉన్నాడు. గుడి పాడుబడటం అంటే ప్రతిసారీ శత్రువు వచ్చి పగలగొట్టడమే అనుకుంటే ఈ కథ అర్థం కాదు. ఉదయగిరి దేవుణ్ని గెలిచినవాడు భక్తితోనే ఎత్తుకెళ్లాడు. ఓడిన రాజు దేవుణ్ని తన రాజధానిలో నిలుపుకోవడం ఆనాటి రాజులకు మామూలే. పూజ ఆగలేదు, వేరే ఊరికి మారింది. ఇక్కడి గుడికి మాత్రం పని లేకుండా పోయింది.

కోటలో గుడికి ఇంకో బలహీనత ఉంటుంది. దాని పోషణంతా దండుతో ముడిపడి ఉంటుంది. కోటలో సైన్యం ఉన్నన్నాళ్లూ నైవేద్యానికి బియ్యం వస్తాయి, దీపానికి నూనె వస్తుంది, పూజారికి మాన్యం ఉంటుంది. ఉదయగిరి తర్వాత గోల్కొండ చేతికి, ఆ పైన నవాబుల చేతికి, చివరికి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. కొండ మీద మసీదు కూడా ఉంది. ఫిరంగులు వచ్చాక కొండకోటలకే విలువ తగ్గింది. దండు దిగిపోయింది. కింద ఊళ్లో జనం మిగిలారు గానీ, మూడు వేల అడుగుల కొండ రోజూ ఎక్కి దీపం పెట్టేదెవరు? ఊరు తన బతుకు తాను చూసుకుంది. నర్ది, దేవదారి చెక్కతో స్పూన్లు, గరిటెలు చేసే పనివాళ్ల వల్లే ఉదయగిరి పేరు ఇప్పటికీ బయట వినిపిస్తోంది. ఆ చెక్క కూడా ఈ అడవిదే.

దీపం ఆరాక గుడి ఎలా పడుతుందన్నది చూడాలి. అది ఒక్కరోజులో కూలదు, దానికొక వరుస ఉంటుంది. విజయనగర కాలపు గుళ్లలో గోడలు, స్తంభాలు, దూలాలు రాయి. గోపురం పై అంతస్తులు, విమానం మాత్రం ఇటుక, సున్నం. బరువు తగ్గడానికి అలా కట్టేవాళ్లు. పైకప్పు రాతిపలకల మీద కూడా ఇటుకముక్కలు, సున్నం కలిపి గచ్చు వేసేవాళ్లు. వాన లోపలికి దిగకుండా కాపాడేది ఆ గచ్చే. రాయి రాయిగానే ఉంటుంది గానీ గచ్చుకు మాత్రం ఏటా మనిషి చెయ్యి పడాలి.

చెయ్యి పడకపోతే ముందు వచ్చేది ఒక పిట్ట. రావిపండో మర్రిపండో తిని గోపురం మీద వాలి రెట్ట వేస్తుంది. ఇటుకల సందులో గింజ పడి, కార్తీకం వానకు రెండాకులు వేస్తుంది. ఆ రోజుల్లో దాన్ని రెండు వేళ్లతో పీకేయొచ్చు. మూడేళ్లకు కత్తి కావాలి. పదేళ్లకు కొట్టేయడానికి కూడా లేదు, ఎందుకంటే అప్పటికి గోడను ఆ వేరే పట్టుకుని ఉంటుంది. చెట్టు చస్తే వేరు కుళ్లుతుంది, వేరు ఉన్న చోట బొరియ మిగులుతుంది, ఇటుకలు జారతాయి. పాడుబడిన గోపురాల్లో కింద రాతి భాగం చెక్కుచెదరకుండా ఉండి, పైన తల లేకుండా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. ఫిరంగి దెబ్బ అని ఊళ్లో కథ ఉంటుంది. ఆకులు చూస్తే రావిచెట్టు అని తెలుస్తుంది.

గచ్చు పగిలాక నీళ్లు కప్పురాళ్ల మధ్యకి దిగుతాయి. రాతికి ఒక గుణం ఉంది. ఎంత బరువు మీద పెట్టినా మోస్తుంది, కానీ మధ్యలో వంగమంటే విరుగుతుంది. స్తంభం వందల ఏళ్లు నిలబడుతుంది, దూలం మాత్రం ఎక్కడో ఒకచోట బీట వేస్తుంది. ఒక స్తంభం కింద నేల కాస్త కుంగితే చాలు, దాని మీది రెండు దూలాలూ పక్కకు ఒరుగుతాయి. ఈ కట్టడాల్లో రాళ్ల మధ్య సున్నం పెద్దగా ఉండదు. ఒకదాని బరువు ఇంకొకదాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. ఒకటి కదిలితే వరసంతా వదులవుతుంది.

ఆ స్తంభం కింద నేలను ఎవరు కుంగదీస్తారు? వాన కొంత, చెదలు కొంత. మిగతాది లంకెబిందెల పిచ్చి. గుడినీ గుళ్లో లింగాన్నీ మింగేవాడని మనకో సామెత ఉంది. మెట్ట ప్రాంతంలో దాన్ని ఉన్నదున్నట్టుగానే చెప్పుకోవచ్చు. పాడుగుడి ఎక్కడుంటే అక్కడ పానవట్టం పక్కకు తోసి ఉంటుంది, దాని కింద గుంత ఉంటుంది. నందిని పడదోసి ఉంటారు. అమావాస్య రాత్రి, నిమ్మకాయలు, పసుపు, గునపాలు, ఇదంతా పేపర్లో జిల్లా పేజీ చదివేవాళ్లకు కొత్త వార్త కాదు. విగ్రహం కింద నిజంగా ఉండేది ప్రతిష్ఠ రోజున పెట్టిన కొన్ని ధాన్యపు గింజలు, నవరత్నాల పేరుతో చిన్న చిన్న రాళ్లు, మహా అయితే పిసరంత బంగారు రేకు. దానికోసం వెయ్యేళ్ల పీఠాన్ని పగలగొడతారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా ప్రభుత్వానికి చెప్పాల్సిందే. ఆ పది రూపాయలు ఇప్పుడు టీ ఖరీదు, చట్టం మాత్రం ఇంకా అమల్లోనే ఉంది.

చివరగా మిగిలేది రాతి రవాణా. చెక్కిన రాయి దొరికితే ఎవరు వదులుకుంటారు? బావి గట్టుకు, పశువుల కొట్టానికి, ఇంటి ముందు అరుగుకు వెళ్లిపోతుంది. ఊళ్లల్లో బట్టలు ఉతికే బండ మీద తామరరేకులు కనిపిస్తే దాని పుట్టిల్లు దగ్గర్లోనే ఉందని అర్థం.

ఇవే పరీక్షలు భైరవకోనకు పెట్టి చూస్తే ఒక్కటీ పనిచేయదు. ఇక్కడ గుడిని కట్టలేదు, తొలిచారు. కొండ గోడను లోపలికి చెక్కుకుంటూ పోయి ఎనిమిది శివాలయాలు తీశారు. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. గర్భగుడి, ముందు చిన్న వసారా, స్తంభాలు, ద్వారపాలకులు అన్నీ ఆ కొండరాయే. కొన్ని స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు ఉంటాయి. అది చూడగానే పల్లవుల పనితనం గుర్తొస్తుంది. చాళుక్యుల పోలికలూ ఉన్నాయంటారు. ఏ రాజు తొలిపించాడన్న వాదన పండితులకు వదిలేసి, ఆ పని ఎలా జరిగిందో చూస్తే అంతకంటే ఆసక్తిగా ఉంటుంది.

కట్టేవాడు తప్పు చేస్తే రాయి మారుస్తాడు. తొలిచేవాడికి ఆ వీలు లేదు. ఉలి ఒక అంగుళం లోతుగా పడితే ద్వారపాలకుడి ముక్కు పోతుంది, తిరిగి అతికించలేడు. అందుకే గుహాలయం పని ముందు నుంచి వెనక్కి, పై నుంచి కిందికి నడుస్తుంది. ముందు పైకప్పు తేల్చుకుంటారు, తర్వాత స్తంభాలకు కావలసిన రాయి వదిలి మధ్యలోది తీసేస్తారు, చివరికి నేల. స్తంభం ఇక్కడ నిజంగా బరువేమీ మోయడం లేదు. అది తీసేసినా కప్పు పడదు. అయినా దూలం, దాని కింద స్తంభం తల మీద ఉండే బోదె, అన్నీ కట్టిన గుడిలో ఉన్నట్టే చెక్కారు. అలవాటైన గుడి రూపం కళ్లకు కనిపించాలి గదా.

ఇలాంటి గుడికి కారే కప్పు లేదు, వేరు దూరే ఇటుకసందు లేదు, ఊడదీసి బండి మీద వేసుకెళ్లే రాయి లేదు. దేవుణ్ని ఎత్తుకెళ్లినా గుడి కొండతో పాటు ఉంటుంది. వెలిగొండల రాయి కూడా ఇందుకు అనువైనది. కడప రాతి వర్గంగా పిలిచే ఈ కొండల్లో గట్టి పొరలు, పలకరాతి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒకప్పుడు బడిపిల్లలంతా అక్షరాలు దిద్దిన మార్కాపురం పలకలు ఈ కుటుంబానివే. మెత్తని పొర అరిగిపోయి గట్టి పొర నిలబడితే నిలువు గోడలు, ఇరుకు కోనలు ఏర్పడతాయి. ఆ గోడ ఉంటే శిల్పికి సగం పని అయిపోయినట్టే. ఆ కోనలోకే సుమారు 200 అడుగుల ఎత్తు నుంచి జలపాతం దూకుతుంది.

అయితే గట్టి రాయి ఒక్కటే కారణమైతే, దేశంలో పాడుబడిన గుహాలయాలు ఉండకూడదు. బోలెడు ఉన్నాయి. భైరవకోనను నిలబెట్టింది నీళ్లు. వేసవిలో ఈ మెట్ట నేల ఎలా మండుతుందో ఒంగోలు, నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి చోట కొండ మీంచి నీళ్లు దూకే కోన ఉంటే పశువులు వస్తాయి, వాటితో కాపరులు వస్తారు, కట్టెలకు, తేనెకు అడవికి వెళ్లేవాళ్లు వస్తారు. వచ్చినవాళ్లు భైరవుడికి ఒక దండం పెట్టి పోతారు. ఈ కోనకు క్షేత్రపాలకుడు ఆయనే. ఉదయగిరి మీద గుడి బతకాలంటే కోటలో రాజు ఉండాలి. భైరవకోనకు గొర్రెలు ఉంటే చాలు. ఈ వాక్యం కొంచెం మొరటుగా ఉన్నా, తేడా అంతా అక్కడే ఉంది.

దీనికి కార్తీక పున్నమి తోడైంది. శివుడి గుహలకు దిగువన మూడు ముఖాల దుర్గాంబ ఉంటుంది. మహాకాళి, మహాలక్ష్మి, సరస్వతి అని ఆ ముఖాలకు పేర్లు. కార్తీక పున్నమి రాత్రి చంద్రుడి వెలుగు ముందున్న నీళ్ల మీద పడి, అక్కణ్నుంచి అమ్మవారి మీద పడుతుందని ప్రసిద్ధి. దాన్ని చూడటానికే వేలమంది వస్తారు. ఇది మహిమ అని నమ్మేవాళ్ల నమ్మకానికి అడ్డు రాకుండానే, ఆ రాత్రే ఎందుకు అని అడగొచ్చు. ఏడాదికి పన్నెండు పున్నములు ఉండగా కార్తీకమే ఎందుకు?

ఆకాశం లెక్క చూస్తే జవాబు దొరుకుతుంది. పున్నమి నాడు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు కాబట్టి పున్నమి చంద్రుడు ఉత్తరానికి జరుగుతాడు. భైరవకోన సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కార్తీకంలో పున్నమి చంద్రుడు నడిచేది దాదాపు నెత్తి మీదుగానే. వేసవి పున్నముల్లో అయితే బాగా దక్షిణంగా వాలి నడుస్తాడు. చుట్టూ గోడల్లాంటి కొండలున్న ఇరుకు కోనలో అడుగుదాకా వెన్నెల దిగాలంటే చంద్రుడు నెత్తి మీదికి రావాలి. వెన్నెల ఒక్కటే చాలదు, దాన్ని పట్టి పైకి విసిరే నీళ్లు కూడా నిండుగా ఉండాలి. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, ఈశాన్య రుతుపవనాలతో. కార్తీకానికి మడుగు నిండి ఉంటుంది. చంద్రుడు, వాన ఇద్దరూ ఒకే నెలలో కలిశారు. ఈ సంగతి కనిపెట్టి విగ్రహాన్ని అక్కడ నిలిపినవాడెవడో గానీ గట్టివాడు.

పూజ జరిగే గుడికి బాధలు లేవని కాదు. దీపపు పొగ, నూనె, కుంకుమ రాతి సందుల్లో చేరి జిడ్డు కడతాయి. పాత గుళ్లలో భక్తితోనే శిల్పాల మీద రంగులు వేస్తారు, శాసనం మీద సున్నం కొడతారు, రాతినేల మీద టైల్స్ పరుస్తారు. అక్షరాల మీద నాలుగు పూతల రంగు పడ్డాక ఏ పండితుడూ దాన్ని చదవలేడు. పాడుబడిన గుడిలో శాసనం గాలికీ వానకీ అయినా బయటపడి ఉంటుంది. రెండింట్లో ఏది నయమంటే మాత్రం దీపం ఉన్న గుడే నయం, జిడ్డును తర్వాత కడుక్కోవచ్చు.

నెల్లూరు జిల్లాలోనే మూడో రకం గుడి ఒకటుంది. చేజర్ల మండలం పెరుమాళ్లపాడు దగ్గర పెన్నా ఇసుకలో పూడిపోయిన నాగేశ్వరస్వామి గుడిని 2020 జూన్‌లో ఊరి కుర్రాళ్లు తవ్వి బయటికి తీశారు. పెన్నా దిశ మార్చి ఇసుక మేట వేసింది, ఊరు దూరంగా జరిగింది, గుడి మునిగింది. ఇసుకలో ఉన్నన్నాళ్లూ రావిగింజ పడలేదు, గునపం పడలేదు. శిఖరం బయటపడ్డాకే దానికి వాన, ఎండ, సెల్ఫీలు మొదలయ్యాయి.

ఈ కొండలు చూడటానికి వెళ్లాలనుకునేవాళ్లకు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అనువైన కాలం. అప్పుడే బండల మధ్య పచ్చదనం ఉంటుంది, జలపాతంలో నీళ్లుంటాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు మాత్రం కోనలోకి దిగకూడదు. పైన ఎక్కడో పడిన వాన కింద ఎండ కాస్తుండగానే వాగై వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దుర్గం ఎక్కడం సాహసం కూడా కాదు, తెలివితక్కువ పని. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వంద కిలోమీటర్ల లోపే. ఒంగోలు వైపు నుంచి కనిగిరి, పామూరు, చంద్రశేఖరపురం దారిలో భైరవకోన వస్తుంది. పైన మంచినీళ్లు దొరుకుతాయన్న భరోసాతో దుర్గం ఎక్కకూడదు. దారి తెలిసిన ఊరివాళ్లను ఒకరిని వెంట తీసుకెళితే కోట గోడల్లో ఏది ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు.

రెండూ ఒకే రోజు చూడాలంటే పొద్దున భైరవకోన, సాయంత్రం ఉదయగిరి అన్న వరుస మంచిది. గుహల్లో ఏడు తూర్పు ముఖం కాబట్టి పొద్దుటి ఎండ వసారాలోకి పడి సింహాల జూలు దాకా కనిపిస్తుంది. పదకొండు దాటితే నీడ కమ్ముతుంది, ఫోన్ కెమెరాకు నల్లటి గుంత తప్ప ఏమీ చిక్కదు. ఉదయగిరిలో నాలుగున్నర తర్వాత ఎండ ఏటవాలుగా గోడ మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నం నున్నగా కనిపించిన రాయి మీద అప్పుడు వరుసగా బెత్తెడు దూరంలో చతురస్రపు గుంటలు తేలతాయి. బండను చీల్చడానికి ఉలితో కొట్టిన గుంటలవి. వాటిలో ఎండుచెక్క మేకులు దిగ్గొట్టి నీళ్లు పోసేవాళ్లు, చెక్క ఉబ్బి రాయి చీలేది. కొన్ని బండల మీద గుంటలు సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంటాయి.